రెండు వారాల్లో అమ్మోనియా సున్నాకు వచ్చింది: పగడాలు వేయవచ్చా, ఆరు నెలలు ఆగాలా?

నిజాంపేట కొత్తకాపు:

మా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి తొట్టి పెట్టి నేటికి పదహారు రోజులైంది. లైవ్ రాక్ (జీవులతో సహా సముద్రం నుంచి తెచ్చే రాయి) జోలికి పోకుండా, కడిగి ఆరబెట్టిన డ్రై రాక్ పదిహేను కిలోలు పేర్చాను. ఉప్పు లీటరుకు 35 గ్రాముల లెక్కన కలిపి, సాపేక్ష సాంద్రతను 1.026 దగ్గర నిలిపాను. సీసాలో అమ్మే బ్యాక్టీరియాను పోసి, మొదటి రోజున ఒకసారి, తొమ్మిదవ రోజున మరొకసారి అమ్మోనియం క్లోరైడ్ వేసి అమ్మోనియాను 2 పీపీఎంకు (లీటరుకు 2 మిల్లీగ్రాములకు) తెచ్చాను. రెండవసారి వేసినది ఇరవై నాలుగు గంటలు గడవకముందే సున్నాకు పడిపోయింది. నైట్రేట్ కిట్ మాత్రం 80 చూపుతోంది.

సామాన్లు కొన్న దుకాణదారు సైకిల్ (అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు తొట్టిలో స్థిరపడడం) పూర్తయిందనీ, ఈ ఆదివారమే రెండు క్లౌన్ చేపలు, నాలుగు పగడాలు తీసుకువెళ్ళవచ్చనీ అంటున్నారు. ఎనిమిదేళ్ళుగా రీఫ్ తొట్టి (పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి) నడుపుతున్న మా బావగారు ఆరు నెలలు నిండేదాకా పగడం పేరెత్తవద్దంటున్నారు. ఇద్దరూ తమ అనుభవాన్నే ప్రమాణంగా చూపుతున్నారు తప్ప కారణం చెప్పడం లేదు. ఎవరిది సబబు?

తార్నాక పాతతొట్టి:

నాది మీ బావగారి పక్షం. అయితే ఆయన చెప్పని కారణాన్ని నేను చెబుతాను.

ఇరవై ఏళ్ళ క్రితం మేము సైకిల్ చేసిన తీరు తలచుకుంటే నేటికీ సిగ్గుగా ఉంటుంది. ఉప్పు కలిపిన మర్నాడే నాలుగు డామ్‌సెల్ చేపలను వేసేవాళ్ళం. వాటి విసర్జన వల్ల అమ్మోనియా పుట్టాలి, దానిని వాడుకునే సూక్ష్మజీవులు పెరగాలి, ఈలోగా బతికిన చేపలు బతికినట్టు. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో అమ్మోనియా చాలా వరకు అమ్మోనియం రూపంలో ఉండి పెద్దగా హాని చేయదు కానీ, 8.2 ఉన్న ఉప్పునీటిలో విషరూపంలో ఉండే పాలు పదింతలకు పైగా పెరుగుతుంది. అది తెలియక, మొప్పలు కాలిన చేప నీటి పైభాగాన రొప్పుతూ తిరుగుతుంటే ఆకలి అనుకొని మేత వేసినవాళ్ళం. బతికి బట్టకట్టిన డామ్‌సెల్ ఆ తొట్టికి జమీందారై, తరువాత వచ్చిన ప్రతి చేపనూ తరిమేది. దానిని పట్టుకోవాలంటే రాళ్ళన్నీ ఊడదీయవలసిందే.

కనుక చేప లేకుండా సైకిల్ చేసిన మీ పద్ధతిని నేను తప్పుపట్టను. కళాయి వేసేవారి వద్ద ఉండే నవాసాగరం కూడా అమ్మోనియం క్లోరైడే; మీరు దానిని వాడలేదనే ఆశిస్తున్నాను, ఎందుకంటే దానిలో రాగి అంశ ఏ కొంచెం ఉన్నా వెన్నెముక లేని జీవులు ఒక్కటీ మిగలవు. నా అభ్యంతరమల్లా 'పూర్తయింది' అనే మాట మీదనే. అమ్మోనియా సున్నాకు రావడం పొయ్యి రాజుకోవడం మాత్రమే, అన్నం ఉడకడం కాదు. మా తొట్లలో పగడాలు నిలదొక్కుకున్నది రాళ్ళ మీద ఊదారంగు సున్నపు పొర (కోరలైన్ నాచు) పాకిన తరువాతే, అది పాకడానికి ఆరేడు నెలలు పట్టింది.

గాజుపలక:

తార్నాక పాతతొట్టి గారి అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేను కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను, ఇంట్లో రెండు చిన్న రీఫ్ తొట్లు ఉన్నాయి. సూక్ష్మజీవులకు క్యాలెండర్ తెలియదు. వాటికి తెలిసినవి ఆహారం, ప్రాణవాయువు, ఉష్ణోగ్రత, నివాసానికి తగిన ఉపరితలం, ఇవే. ఆరు నెలలు అనేది ఫలితాన్ని చూసి తరువాత వేసుకున్న లెక్క. ఆరు నెలలు ఖాళీగా తిప్పిన తొట్టిలో అమ్మోనియా అందక ఆ జీవుల జనాభా తగ్గిపోతుంది కనుక, ఊరికే ఆగడం వల్ల ఒరిగేది అంతగా ఉండదు.

మనకు వీటి గురించి తెలిసినది కూడా ఎంతో కాలం నాటిది కాదు. నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది నైట్రోబాక్టర్ అని పాఠ్యపుస్తకాలు దశాబ్దాలపాటు చెప్పాయి. అక్వేరియాలలో ఆ పని ప్రధానంగా చేసేది నైట్రోస్పైరా వర్గమని 1990లలో తేలింది. అమ్మోనియాను ఆక్సీకరించే ఆర్కియాను, అంటే బ్యాక్టీరియా కానే కాని జీవిని, తొలిసారి విడదీసి పెంచింది 2005లో. అదీ సియాటిల్ అక్వేరియంలోని ఉప్పునీటి తొట్టి అడుగున ఉన్న గులకరాళ్ళ నుంచి. సముద్రం దాకా పోనక్కర లేకుండా ఒక తొట్టి అడుగునే అది దొరికిందంటే, మన తొట్లలో ఎవరు పని చేస్తున్నారో సీసా మీది చీటీని బట్టి తేల్చలేమని అర్థమవుతుంది.

ఇక కొత్తకాపు గారూ, మీ అంకెల్లో ఒకటి నన్ను ఆపింది. మీరు రెండు విడతలుగా మొత్తం 4 పీపీఎం అమ్మోనియా వేశారు. అందులో ప్రతి అణువూ నైట్రేట్‌గా మారినా, అణుభారాల లెక్కన 1 పీపీఎం అమ్మోనియాకు దాదాపు 3.65 పీపీఎం నైట్రేట్ వస్తుంది. అంటే మీ తొట్టిలో 15 దాటకూడదు. 80 ఎక్కడి నుంచి వచ్చింది? నాకు తోచే కారణాలు మూడు. రాళ్ళలో ఎండిన జీవపదార్థం మిగిలి కుళ్ళుతూ ఉండవచ్చు. మీరు ఉప్పు కలిపిన నీటిలోనే నైట్రేట్ ఉండవచ్చు. లేదా, నాకు ఎక్కువ అనుమానం దీని మీదనే, నైట్రైట్ ఇంకా పేరుకొని ఉండవచ్చు. నైట్రేట్ కిట్లు మొదట నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి, ఆ రంగునే కొలుస్తాయి కనుక ముందే ఉన్న నైట్రైట్ ఆ రీడింగును ఎన్నో రెట్లు పెంచుతుంది. మీరు నైట్రైట్ అంకె చెప్పలేదు. ఏ నీరు వాడారో కూడా చెప్పలేదు.

నిజాంపేట కొత్తకాపు:

నైట్రైట్ కిట్ కొనలేదు. అమ్మోనియా, నైట్రేట్ చాలునని దుకాణంలో అన్నారు. నీరు మా వంటింటి ఆర్‌ఓ యంత్రంలోదే. వేసవి కావడంతో మా అపార్ట్‌మెంట్‌లో కుళాయి నీటికి బోరు నీరు కలుపుతున్నారు. ఆర్‌ఓ అయ్యాక ఎలాగూ శుద్ధమే కదా అనుకున్నాను.

ఉప్పల్ ఉప్పునీరు:

ఆ 'ఎలాగూ శుద్ధమే' అనే మాట నా చేత మొత్తం తొట్టిని ఒకసారి ఊడదీయించింది. మన ఇళ్ళలోని ఆర్‌ఓ యంత్రాలు తాగడానికి ఉద్దేశించినవి. రుచి కోసం వాటిలో టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) సర్దే మర ఒకటి ఉంటుంది. అది పొర దాటని నీటిని కొంత తెచ్చి శుద్ధి చేసిన నీటిలో మళ్ళీ కలుపుతుంది. రీఫ్ తొట్టికి టీడీఎస్ సున్నా ఉన్న నీరు కావాలి. అందుకు ఆ మరను పూర్తిగా మూసి, తరువాత అయాన్లను పీల్చే రెజిన్ గొట్టం ఒకటి అమర్చుకోవాలి. నైట్రేట్, సిలికేట్ వంటివి పొర నుంచి కొంత జారిపోయినా అక్కడ ఆగుతాయి.

అసలు వాదన విషయానికి వస్తే, ఇద్దరిదీ సగమే నిజమని నా అభిప్రాయం. నేను గాజుపలక గారి దారిలోనే నడిచాను. పద్దెనిమిదవ రోజున నైట్రైట్‌తో సహా అన్నీ సున్నా. ఇరవయ్యవ రోజున పగడాలు వేశాను. నీరు అద్దంలా ఉండాలన్న పిచ్చితో ఫాస్ఫేట్‌ను పీల్చే ఇనుప గుళికలు వేసి, స్కిమ్మర్‌ను (నురుగుతో మలినాలను లాగే యంత్రాన్ని) రాత్రింబవళ్ళు నడిపి, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ సున్నాకు తెచ్చాను. రెండవ నెలలో ఇసుక మీద, రాళ్ళ మీద గోధుమరంగు జిగట తెర పరుచుకుంది. దారాల్లా సాగుతూ, మధ్యలో గాలి బుడగలు పట్టుకొని, మధ్యాహ్నానికి చిక్కబడి, దీపం ఆర్పితే రాత్రికి పలచబడేది. అవి డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు, పొట్టిగా డైనోలు. పీల్చి పారేస్తే మర్నాటికి రెట్టింపయ్యేవి. తొట్టిలోని నత్తలు వరుసగా చచ్చాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక చివర సూదిగా ఉన్న కణాలు, ఒకే చోట కట్టేసినట్టు గిరగిర తిరుగుతూ కనిపించాయి. ఆస్ట్రియోప్సిస్ అని తేలింది, అది విషం గల జాతి.

నేను నేర్చుకున్నది ఇది: డ్రై రాక్ మీద అమ్మోనియాను మార్చే రెండు మూడు వర్గాలు తప్ప వేరే జీవం ఉండదు. ఖాళీ స్థలంలో ఎవరు ముందు గుడిసె వేస్తే వారిదే రాజ్యం. పోషకాలు సున్నా అయితే మామూలు నాచు కూడా పెరగలేదు, అప్పుడు ఆకలికి తట్టుకునే డైనోలకు పోటీ ఉండదు. కనుక లోపం రోజుల సంఖ్యలో లేదు, జీవవైవిధ్యంలో ఉంది. నైట్రేట్‌ను 5 నుంచి 10 మధ్య, ఫాస్ఫేట్‌ను 0.05 చుట్టుపక్కల నిలబెట్టి, ఎవరిదైనా ఆరోగ్యకరమైన పాత తొట్టి నుంచి దోసెడు ఇసుక తెచ్చి వేసుకోవాలి.

మల్కాజిగిరి వకీలు:

ఇసుక మాట బాగుంది. కానీ ఈ చర్చ చదివి ఎవరూ 'వైవిధ్యం కోసం' రామేశ్వరం వైపు నుంచి లైవ్ రాక్ తెప్పించుకోకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. రాతిపగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. మన సముద్రాలలో లైవ్ రాక్ అని పిలిచేది చాలా వరకు పగడపు అస్థిపంజరమే. దిగుమతి రాతిపగడమైతే అది కూడా అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందం (సైటిస్) రెండవ అనుబంధంలో ఉన్నదే కనుక, కొనే ముందు పత్రాలు అడగండి. పత్రాలు చూపలేని దుకాణంలో రెండు వారాలా, ఆరు నెలలా అనే ప్రశ్నే పుట్టదు. క్లౌన్ చేపల విషయంలో ఇబ్బంది తక్కువ. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం వంటి చోట్ల వాటిని తొట్లలోనే పిల్లలు చేయించే పద్ధతులు రూపొందాయి, అలా పుట్టిన చేపలనే అడగండి.

తార్నాక పాతతొట్టి:

గాజుపలక గారి లెక్క నాకు తట్టనే లేదని ఒప్పుకుంటున్నాను. మా కాలంలో లెక్క వేయకుండా రంగు చూసి ఊరుకునేవాళ్ళం. అయితే నైట్రైట్ ఉన్నట్టు తేలితే చేపను కూడా వేయకూడదనే నేను అంటాను.

గాజుపలక:

అక్కడ మాత్రం నేను ఏకీభవించను. మంచినీటి చేపలకు నైట్రైట్ మొప్పల ద్వారా లోనికి పోయి రక్తాన్ని గోధుమరంగుకు మారుస్తుంది, నిజమే. ఉప్పునీటిలో క్లోరైడ్ లీటరుకు 19 గ్రాములకు పైగా ఉంటుంది. అదే ద్వారం కోసం అది పోటీ పడుతుంది కనుక నైట్రైట్ లోనికి పోవడం చాలా తక్కువ. కొద్ది పీపీఎంల నైట్రైట్ క్లౌన్ చేపను చంపదు. నైట్రైట్ ఉంటే గొలుసులో రెండవ కొక్కెం ఇంకా బిగియలేదని అర్థం, అంతే.

పగడాల విషయంలో ఉప్పల్ ఉప్పునీరు గారి మాటతో ఒక మెట్టు దిగుతున్నాను. ఆరు నెలల నియమానికి బదులు నా నియమం ఇది: ఆల్కలినిటీ (నీటి క్షారత), నైట్రేట్, ఫాస్ఫేట్ మూడూ మనం సర్దకుండానే మూడు వారాలు ఇంచుమించు ఒకే చోట నిలిచిన తొట్టి పగడానికి సిద్ధం. కొత్త రాయి మొదట్లో ఫాస్ఫేట్‌ను తనలోకి లాగుకొని కిట్‌ను మోసం చేస్తుంది, అందుకే ఒక్కరోజు రీడింగుకు విలువ లేదు.

తార్నాక పాతతొట్టి:

ఆ మూడు వారాల నిలకడ డ్రై రాక్ తొట్టిలో ఎప్పుడు వస్తుందో మీరే చూడండి, నా ఆరు నెలలకు ఎంతో దూరంలో ఉండదు. మరొక సంగతి, ఇది కొత్తకాపు గారికి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు 200 లీటర్ల తొట్టి 31 డిగ్రీలకు పోతుంది. మన గాలి పొడి కనుక నీటి మీదికి ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. విశాఖలో ఉన్న నా తమ్ముడికి ఈ అదృష్టం లేదు. అయితే ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు, కనుక తగ్గినంతా మంచినీటితోనే నింపాలి. పగడం వేయదలిస్తే కనీసం మృగశిర దాటనివ్వండి.

నిజాంపేట కొత్తకాపు:

పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. నైట్రైట్ కిట్ తెచ్చాను. మొదటిసారి రంగు కొలబద్ద చివరిని దాటిపోవడంతో, ఒక పాలు తొట్టి నీటికి తొమ్మిది పాళ్ళు శుద్ధజలం కలిపి చూస్తే 0.8 వచ్చింది, అంటే అసలు 8. గాజుపలక గారి అనుమానమే నిజమైంది. వంటింటి ఆర్‌ఓ నీటి టీడీఎస్ 62 ఉంది. మర మూసి, రెజిన్ గొట్టం పెట్టాక మీటరు సున్నా చూపింది. నైట్రైట్ దానంతట అదే దిగిపోయింది. సగం నీరు మార్చాక నైట్రేట్ 10 దగ్గర ఉంది. తొట్లలో పుట్టిన క్లౌన్ జంట వేరే చిన్న తొట్టిలో పరిశీలనలో ఉంది. పగడాలు కొనలేదు. ఆ సంగతి చెప్పినప్పుడు దుకాణదారు ముఖం చిన్నబుచ్చుకున్నారు, బావగారు మాత్రం తన మాటే నెగ్గిందని ఇంట్లో అందరికీ చెబుతున్నారు.

నిన్నటి నుంచి ఇసుక మీద గోధుమరంగు కనిపిస్తోంది. గుండె జారింది. గొట్టంతో ఊదితే దుమ్ములా లేచి చెదిరిపోతోంది. జిగట లేదు, దారాలు లేవు, బుడగలు లేవు.

ఉప్పల్ ఉప్పునీరు:

అవి డయాటమ్‌లు, సిలికేట్‌తో గుల్ల కట్టుకునే ఏకకణ నాచు. మీ పాత నీటిలోని సిలికేట్ తిని పెరిగాయి, అది అయిపోగానే పోతాయి. ఇసుకను గీకకండి, దీపం రోజుకు ఆరు గంటలకు తగ్గించండి. దోసెడు పాత ఇసుక కావాలంటే ఆదివారం ఉప్పల్ రండి, మూత ఉన్న డబ్బా మీరే తెచ్చుకోండి.