యుద్ధం ఇంకా తేలకముందే సంక్షేమ ప్లాన్ ఎందుకు వేశారు? (బ్రిటన్, 1942)

ప్రశ్న: శ్రావణి_సత్తెనపల్లి

అందరికీ నమస్కారం. గ్రూప్-1కి చదువుతున్నాను. బ్రిటన్‌లో అందరికీ సామాజిక బీమా ఉండాలని విలియం బెవరిడ్జ్ రాసిన బెవరిడ్జ్ రిపోర్ట్ 1942 డిసెంబర్‌లో వచ్చింది. ఆ ఏడాదే సింగపూర్ చేజారింది, స్టాలిన్‌గ్రాడ్‌లో యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. అలాంటి సమయంలో పెన్షన్లు, పిల్లల భృతి గురించి ఆలోచించే తీరిక ఎలా దొరికింది? నా మెటీరియల్‌లో "సైనికుల్లో ఉత్సాహం నింపడానికి" అని ఒక్క లైన్ ఉంది. ఎందుకో అది నమ్మబుద్ధి కావట్లేదు.

జవాబు: బీమా_మాస్టారు (రిటైర్డ్, హైదరాబాద్)

నమ్మకపోవడమే మంచిదమ్మా. సైనికుల కోసమే అయితే, వాళ్లకు పంచిన సారాంశాన్ని ప్రభుత్వమే ఎందుకు వెనక్కి తీసుకుంటుంది? సైన్యంలో చర్చల కోసం వేసే బులెటిన్‌లో ఆ రిపోర్ట్ సారాంశం వచ్చింది. యుద్ధ శాఖ రెండు రోజుల్లోనే దాన్ని ఉపసంహరించుకుంది.

అసలు ప్రభుత్వం అడిగింది చిన్న పని. 1941 జూన్‌లో మంత్రి ఆర్థర్ గ్రీన్‌వుడ్ కమిటీ వేసింది, జబ్బు బీమా, నిరుద్యోగ భృతి, పెన్షన్లు తలో శాఖ కింద గజిబిజిగా ఉంటే ఒక దారికి తెమ్మని. ఆ కమిటీకి అధ్యక్షుడైన బెవరిడ్జ్ అక్కడితో ఆగలేదు. పిల్లలకు భృతి, అందరికీ వైద్యం, జనానికి పని దొరికేలా చూసే విధానం, ఈ మూడూ ఉంటేనే నా బీమా పథకం నిలుస్తుందని రాశాడు. అవి మంత్రివర్గం తేల్చాల్సిన విషయాలు కాబట్టి కమిటీలోని అధికారులు సంతకం పెట్టలేదు. రిపోర్ట్ ఆయనొక్కడి సంతకంతోనే వచ్చింది. సంక్షిప్త ప్రతితో కలిపి 6 లక్షలకు పైగా అమ్ముడైంది. బీమా లెక్కల పుస్తకం కోసం జనం క్యూ కట్టారు!

ఎందుకంటావా? 1930లలో పని పోయినవాడు భృతి అడిగితే అధికారి ఇంటికొచ్చి ఎవరికెంత వస్తుందో ఆరా తీసేవాడు. కొడుక్కి నాలుగు రాళ్లు వస్తుంటే తండ్రి భృతి కోసేసేవారు. దాన్నే మీన్స్ టెస్ట్ అనేవారు. ఆ అవమానం ఎవరూ మరిచిపోలేదు. యుద్ధం వచ్చాక అదే ప్రభుత్వం 1940 నుంచి గర్భిణులకు, ఐదేళ్లలోపు పిల్లలకు చవగ్గా, పేదలకైతే ఉచితంగా రోజూ పాలు ఇచ్చింది. బాంబు దాడుల్లో గాయపడేవాళ్ల కోసం దేశమంతా ఆసుపత్రులను ఒక ఏర్పాటు కిందికి తెచ్చింది. అంటే తలచుకుంటే చేయగలరని జనం కళ్లారా చూశారు.

నన్ను బాగా పట్టేసింది మాత్రం చావు ఖర్చు సంగతి. పేదవాళ్లు అంత్యక్రియల కోసం ఇంటింటికీ వచ్చే ఏజెంటుకు వారం వారం పెన్నీలు కట్టేవారు. ఆ డబ్బులో పెద్ద వాటా నిర్వహణకే పోయేది. పెద్దవాళ్లు పోతే 20 పౌండ్లు బీమాలోనే ఇవ్వాలని బెవరిడ్జ్ ప్రతిపాదించాడు. శవాన్ని గౌరవంగా సాగనంపలేకపోతామేమోనన్న భయం ఎలాంటిదో మన ఇళ్లల్లోనూ తెలుసు.

జవాబు: షెఫీల్డ్_అత్త

మాస్టారికి నమస్కారం. ఇక్కడ బ్రిటన్‌లో నర్సుగా చేస్తున్నాను కాబట్టి ఒక్క మాట. పిల్లల భృతి వెనక ఎలినార్ రాత్‌బోన్ అనే ఎంపీ ఏళ్ల తరబడి పోరాటం ఉంది. 1945లో బిల్లు వచ్చినప్పుడు డబ్బు తండ్రికి ఇస్తామన్నారు. ఆమె ఒప్పుకోలేదు, చివరికి తల్లి చేతికే వచ్చేలా మార్పించింది. 1946 ఆగస్టు నుంచి రెండో బిడ్డ మొదలుకొని ఒక్కొక్కరికి వారానికి 5 షిల్లింగులు. బెవరిడ్జ్ మాత్రం పెళ్లయిన ఆడవాళ్లను ఎక్కువగా భర్త బీమా కిందే లెక్కేశాడు. శ్రావణీ, అది కూడా నోట్ చేసుకో తల్లీ.

జవాబు: రైతుబిడ్డ_వరంగల్

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, 1943లో బెంగాల్‌లో జనం ఆకలితో పిట్టల్లా రాలిపోయారు. 20 నుంచి 30 లక్షల మంది. అదే ప్రభుత్వం కదా మాస్టారూ? ఇక్కడి ప్రజల ప్రాణాలకు లెక్క లేదా?

జవాబు: బీమా_మాస్టారు

తమ్ముడూ, నీ కోపంలో న్యాయం ఉంది, దీనికి నేను సమర్థన వెతకను. బెవరిడ్జ్ పుట్టింది కూడా అప్పటి బెంగాల్‌లోని రంగ్‌పూర్‌లోనే. లండన్‌లో కొరత వస్తే రేషన్ కార్డు, కలకత్తాలో కొరత వస్తే ఫుట్‌పాత్ మీద శవాలు. వలస పాలన అంటే అదే.

శ్రావణీ, అక్కడ కూడా ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. 1943 ఫిబ్రవరిలో పార్లమెంటులో ఆ రిపోర్ట్ అమలు గురించి ప్రభుత్వం నాన్చితే 121 మంది ఎదురు ఓటేశారు. చర్చిల్ యుద్ధం అయ్యాక చూద్దామన్నాడు. 1945లో జనం లేబర్ పార్టీని గెలిపించారు, 1948 జూలై 5న ఉచిత వైద్యం మొదలైంది.

మన దగ్గర కూడా యుద్ధ కాలంలోనే ప్లాన్ వేశారు, ఇది పరీక్షలో తప్పకుండా రాయి. 1943లో ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌ను కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేయమన్నారు, 1944లో రిపోర్ట్ ఇచ్చాడు. అప్పుడు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది అంబేడ్కర్. దాని నుంచే 1948లో ఈఎస్ఐ (ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్స్) చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో పథకం మొదలైంది. ప్రసూతి భృతి కోసం నేను పనిచేసిన ఈఎస్ఐ ఆఫీసు కౌంటర్ దగ్గర చంటిబిడ్డను చంకనేసుకుని వేలిముద్ర వేసే అమ్మాయిలను చూసినప్పుడల్లా అదార్కర్ రిపోర్టే గుర్తొచ్చేది. అయితే ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు దాకానే వచ్చింది. నాట్లేసే కూలీకి, ఇళ్లల్లో అంట్లు తోమే మనిషికి అందలేదు. రైతుబిడ్డ తమ్ముడు అడగాల్సిన ప్రశ్న అక్కడ కూడా ఉంది.

శ్రావణి_సత్తెనపల్లి: థ్యాంక్స్ మాస్టారూ, అత్తా. మా అమ్మ మిర్చి కోతలకు వెళ్తుంది. అదార్కర్ వ్యవసాయ కూలీలను ఎందుకు వదిలేశారో చదివి, ఇక్కడే ఇంకో ప్రశ్న పెడతాను.