ఫ్రెండ్ బ్యాండ్ రికార్డు మాస్టరింగ్‌కి వెళ్లబోతోంది, పాటలో మాటలు వినబడట్లేదు. ఎలా చెప్పాలి?

ఆటోనగర్ లెక్కలు:

అందరికీ నమస్కారం. నాకు సంగీతం రాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో అకౌంట్స్ చూస్తాను, పాటలు మాత్రం రోజంతా చెవిలో ఉండాల్సిందే.

నాతో స్కూల్ నుంచి చదువుకున్నవాడు ఒక రాక్ బ్యాండ్‌లో పాడతాడు, రిథమ్ గిటారు కూడా వాడిదే. మొత్తం నలుగురు. మొన్నమొన్నటిదాకా కాలేజీ ఫెస్టుల్లో వేరేవాళ్ల పాటలు వాయించేవాళ్లు. ఈమధ్య సొంతంగా రాసుకుంటున్నారు, వడ్డేశ్వరం వైపు, గుంటూరు వైపు నుంచి పిలుపులు కూడా బాగానే వస్తున్నాయి. బ్యాండ్ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఈ పోస్టు వాడి కంట పడటానికి అరగంట చాలు.

ఇప్పుడు మొదటి రికార్డు చేస్తున్నారు. ఐదు పాటల ఈపీ, అంటే చిన్న ఆల్బమ్, అన్నీ తెలుగే. వాడి ఇల్లు సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు కింది వాటా అంతా మునిగి, వీళ్లు డాబా మీద ఉండిపోయారు. అప్పట్లో ప్రాక్టీస్ ఆ కింది వాటాలోనే కాబట్టి డ్రమ్స్ కిట్టు కూడా నీళ్లలోనే. నీళ్లు లాగాక వెళ్లి చూస్తే కిక్ డ్రమ్ములో బురద గట్టిపడిపోయి ఉంది, వాడూ నేనూ కూర్చుని గరిటెతో గీకాం. ఆ రోజుల మీద ఒక పాట ఉంది ఇందులో. ‘మెట్లెన్ని మునిగాయో అమ్మ లెక్క పెడుతోంది’ అని ఒక లైను. కాగితం మీద చదివి కాసేపు నేనేమీ మాట్లాడలేకపోయాను. రికార్డులో మాత్రం ‘అమ్మ’ ఒక్కటే వినబడుతోంది, మిగతాదంతా గిటార్ల హోరు.

మిక్స్, అంటే గొంతునీ వాయిద్యాలనీ కలపడం, అయిపోయింది. వచ్చే వారం మాస్టరింగ్‌కి, అంటే విడుదలకు ముందు చేసే చివరి మెరుగుకి, హైదరాబాద్ పంపుతారట. ఎలా ఉందని వాడు రోజూ అడుగుతున్నాడు, ఇంకా వింటున్నా అని దాటేస్తున్నా. ఇది మాస్టరింగ్‌లో సర్దుకునేదేనా, ఇప్పుడే చెప్పాలా? చెబితే నాలాంటివాడు ఏ మాటల్లో చెప్పాలి?

బ్రాడీపేట సౌండ్:

ఇప్పుడే చెప్పండి. మాస్టరింగ్‌కి వెళ్లేది అన్నీ కలిపేసిన ఒకే స్టీరియో ఫైలు. అందులోంచి గొంతు ఒక్కదాన్ని పైకి లాగబోతే, అదే ఫ్రీక్వెన్సీలో ఉన్న గిటార్లూ సింబల్సూ వెంట వస్తాయి. ఇప్పుడు విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి గానీ, మిక్స్ ప్రాజెక్టు చేతిలో ఉండగా ఆ తిప్పలెందుకు?

నేను గుంటూరులో పెళ్లిళ్లకూ చవితి పందిళ్లకూ సౌండ్ పెడతాను, ఇంట్లో చిన్న రికార్డింగ్ గది ఉంది. రాక్ మిక్సుల్లో నేను ఎక్కువగా చూసే జబ్బు ఇదే. మాటకు స్పష్టత ఇచ్చేవి హల్లులు. అవి చాలావరకు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో తెలుస్తాయి. డిస్టార్షన్ (గరగరలాడే మోత) పెట్టిన గిటారు కూడా సరిగ్గా అక్కడే నిండుతుంది. గొంతు పెంచితే గిటారిస్టు తనదీ పెంచమంటాడు, డ్రమ్మర్ మాత్రం ఊరుకుంటాడా? చివరికి అన్ని మీటర్లూ ఎర్రలైటులో ఉంటాయి. అందుకే గొంతు పెంచమని అడగొద్దు. వాడు పాడే చోట మాత్రం గిటార్లలో ఆ ప్రాంతాన్ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించమనండి. సోలో వచ్చినప్పుడు మళ్లీ వదిలేస్తారు, గిటారిస్టుకీ కోపం రాదు. రెండు గిటార్లను ఎడమకొకటి కుడికొకటి పంపితే మధ్యలో గొంతుకు చోటు దొరుకుతుంది. కానీ ఒకే స్పీకరున్న ఫోన్‌లో పెడితే అవన్నీ మళ్లీ ఒక్కచోటే కలుస్తాయి కాబట్టి మోనోలో కూడా విని చూడాలి.

మీరు చేయగల పరీక్ష ఒకటుంది. వాల్యూమ్ బాగా తగ్గించి, వంటింట్లో కుక్కర్ నడుస్తుండగా ఫోన్‌లో పెట్టి వినండి. ఏ మాట అందలేదో నిమిషం, సెకను వేసి రాసుకోండి. ‘ఎందుకో బాలేదు రా’ అంటే మనిషి నొచ్చుకుంటాడు. ‘ఒకటీ ఇరవై దగ్గర మాట పోయింది’ అంటే వెనక్కి తిప్పి వింటాడు.

లౌడ్‌గా కొట్టించుకుందాం అనే ఆలోచన ఉంటే అదీ మాన్పించండి. స్పాటిఫై మామూలుగా పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట చెవికి ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. ఎంత నొక్కి పంపినా అక్కడ తగ్గించేస్తారు, మనకు మిగిలేది నలిగిపోయిన డ్రమ్స్.

గవర్నర్‌పేట మెటల్:

రాక్‌లో మాటలెవడు వింటాడు గురూ? ఎనర్జీ ఉందా లేదా, అంతే. మరీ క్లీన్ చేస్తే సినిమా పాటలా అయిపోతుంది.

ఆటోనగర్ లెక్కలు:

బ్రదర్, ఇంగ్లిష్ పాటైతే నేనూ అంతే, అర్థం కాకపోయినా తల ఊపేస్తా. వీళ్లు పనిగట్టుకుని తెలుగులో రాసింది సింగ్ నగర్‌లో మా పక్కింటివాళ్లకి కూడా తెలియాలని. మాట వినబడకపోతే ఇక ఏ భాషలో రాస్తే ఏముంది?

సత్యనారాయణపురం టీచరమ్మ:

మన ఊళ్లోని సంగీత కళాశాలలోనే నేర్చుకున్నాను. బాలమురళీకృష్ణ గారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ అది, నేను చాలా తర్వాతి బ్యాచ్ లెండి. ఇప్పుడు పిల్లలకు చెబుతుంటాను, రాక్ గురించి నాకేమీ తెలియదు. కానీ తప్పంతా గిటార్ల మీదే వేయకండి బాబూ. మీ స్నేహితుడు ‘మునిగాయో’లో ‘ము’ పట్టుకుని సాగదీస్తున్నాడేమో చూడండి. హ్రస్వం మీద నోటు పట్టుకుంటే మాట మారిపోయినట్టు వినబడుతుంది, చెవి దాన్ని వదిలేస్తుంది. ‘గా’ మీద, ‘యో’ మీద ఎంత కావాలంటే అంత సాగదీసుకోమనండి, అవి దీర్ఘాలే కదా. ‘మెట్లెన్ని’లో ‘ట్ల’ దగ్గర నాలుక గట్టిగా తగలాలి. అరిచే హడావిడిలో ఈ కాలంవాళ్లు ఒత్తులు మింగేస్తారు. మిక్స్ ముట్టుకునే ముందు ఆ ఒక్క చరణం మళ్లీ పాడించండి, గంట పని.

బ్రాడీపేట సౌండ్:

టీచర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ముందు అది.

అరండల్‌పేట ప్లీడరు:

సౌండ్ సంగతి పెద్దలు చెప్పారు, కాగితాల సంగతి నేను చెబుతా. రిలీజ్ తేదీ తొందరపడి ప్రకటించొద్దు. స్పాటిఫై వాళ్ల ప్లేలిస్టులకు పాటను పరిశీలించమని పంపాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందే పంపాలి. 2024 నుంచి అక్కడ 12 నెలల్లో 1,000 స్ట్రీమ్స్ రాని పాటకు రాయల్టీ లేదు. డబ్బు ఆశ ఉంటే షోల మీద పెట్టుకోవాలి, ఈపీ మీద కాదు. మాట ఎవరిది, ట్యూన్ ఎవరిది, ఎవరి వాటా ఎంత అని ఇప్పుడే ఒక కాగితం రాసి నలుగురూ సంతకాలు పెట్టాలి. రాసినవాళ్లూ ట్యూన్ కట్టినవాళ్లూ ఐపీఆర్‌ఎస్‌లో, అంటే వాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థలో, సభ్యులుగా చేరొచ్చు. స్నేహితుల మధ్య కాగితాలేంటి అంటారు. డ్రమ్మర్‌కి బెంగళూరులో ఉద్యోగం వచ్చిన రోజున తెలుస్తుంది దాని విలువ.

ఆటోనగర్ లెక్కలు:

చెప్పేశానండీ. నిన్న రాత్రి బందరు రోడ్డులో టీ దగ్గర చీటీ తీసి చేతిలో పెట్టా, నిమిషాలు సెకన్లతో సహా. కోపం తెచ్చుకుంటాడని చాలా టెన్షన్ పడ్డా గానీ, వాడు అక్కడే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కోటీ విన్నాడు. ఆఖర్న ‘నాకు లిరిక్ తెలుసు కాబట్టి నాకు వినబడుతోంది రా’ అన్నాడు. గిటారిస్టుకి ఫోన్ చేస్తే ‘ఫోన్‌లో వినేవాళ్ల కోసం రాక్ చేస్తామా’ అని ఎగిరాడు. ఆ గొడవ ఇంకా నడుస్తోంది.

టీచర్ గారూ, మీరు చెప్పినట్టే ‘యో’ మీద సాగదీసి టీ కొట్టు ముందే పాడి చూశాడు. టీ పోసే ఆయన గ్లాసు ఇస్తూ ‘మీకెన్ని మునిగాయి? మా పాయకాపురంలో మెట్లే కనబళ్లేదు’ అన్నాడు. మా వాడు వెంటనే మాస్టరింగ్ వాయిదా వేయించాడు. ఆదివారం మొగల్రాజపురంలో వాళ్ల ప్రాక్టీస్ గదిలో ఆ చరణం మళ్లీ పాడుతున్నారు, నన్నూ రమ్మన్నాడు.

ప్లీడరు గారూ, కాగితం మాట ఎత్తగానే నలుగురూ నవ్వారు. మళ్లీ ఎత్తుతా.

బ్రాడీపేట అన్నా, ఒక డౌటు. ఆ పాటలో గిటారిస్టు వాయించిన కీబోర్డు కూడా ఉంది, మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా. అదీ గొంతు చోటే ఆక్రమిస్తుందా?

బ్రాడీపేట సౌండ్:

ఆక్రమిస్తుంది. ఆదివారం ముందు దాన్ని మ్యూట్ చేసి వినమనండి. అది లేదని ఎవరూ కనిపెట్టకపోతే అలాగే ఉంచేయండి.