జీడిమామిడి తోటలో పుట్టకొక్కులు రావడం ఆగిపోయింది, తెలిసినవాళ్ళు చెప్పండి

మెట్టతోట:
రాత్రంతా వీడియోలు చూసీ చూసీ కళ్ళు మండుతున్నాయి, ఒక్కడూ అసలు విషయం చెప్పడు. మా జీడిమామిడి తోట అడవి అంచునే. ఏటా తొలకరి తర్వాత పుట్టకొక్కులు వచ్చేవి. ఈసారి వాన బాగానే పడింది, నీడ ఉంది, ఆకుచెత్త ఉంది, కొక్కు మాత్రం ఒక్కటీ లేదు. పక్క తోటవాళ్ళు బుట్టలకొద్దీ ఏరుకుంటున్నారు. వాళ్ళ పుట్టమన్ను కాస్త తెచ్చి షెడ్డులో తడి గడ్డి మీద వేసి, గోనెలు కప్పి నీళ్ళు చల్లుతున్నా. పచ్చ బూజు తప్ప ఏమీ రాలేదు. ఎంత వేడి, ఎంత తేమ కావాలి?

ఒక్కమాట:
చెదలు ఉన్నాయా?

మెట్టతోట:
చెదల సంగతి కాదండీ, నేను అడిగింది కొక్కుల గురించి.

పాత మేష్టారు:
ముందు మీరు తింటున్నవి ఏవో తెలుసుకోండి. వానల్లో పచ్చికలో పెద్ద తెల్ల గొడుగులు లేస్తాయి. క్లోరోఫిల్లమ్ అంటారు. చూడటానికి బాగుంటాయి, తింటే వాంతులు, విరేచనాలు. గొడుగు కోసి తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. పొడి ఆకుపచ్చగా రాలితే అదే. పుట్టకొక్కు పొడి లేత గులాబీ రంగు, కాడ వేరులా మట్టిలోకి చాలా లోతుకు దిగుతుంది, నెత్తిన మొన ఉంటుంది. అయినా రంగు ఒక్కటే చూసి తినేయకండి. ఉడికిస్తే విషం పోతుందని, వెండి చెంచా నల్లబడితేనే విషమని చెప్పే మాటలు అసలు నమ్మొద్దు.

మెట్టతోట:
మేష్టారూ, చిన్నప్పటి నుంచి తింటున్నాం. ఇప్పుడు రాకపోవడమే నా బాధ.

నీలికలువ:
కొక్కులేంటండీ, పుట్టగొడుగులు అనాలి కదా.

గోదారి గట్టు:
మా వైపు పుట్టకొక్కులే. గొడుగులంటే సూపర్ మార్కెట్లో డబ్బాల్లో ఉండే తెల్ల బటన్లు. ఇంతకీ ఈసారి ఉరుములు సరిగ్గా పడలేదు, అందుకే రాలేదు.

నీలికలువ:
మా ఊళ్ళో కుక్కగొడుగులు అని కూడా అంటారు. అలాగని అవీ ఇవీ ఒకటేనా?

అగ్రి కుర్రాడు:
మెట్టతోట గారూ, ఒక్కమాట గారు అడిగిందే అసలు ప్రశ్న. పుట్టకొక్కును టెర్మిటోమైసిస్ అంటారు. ఇది నేల మీద దానంతట అది పెరిగేది కాదు, చెదలు సాగు చేసే పంట. పని చెదలు ఎండుటాకు, పుల్ల తిని, సగం అరిగినదాన్ని పుట్ట లోపల స్పాంజిలాంటి దిమ్మలుగా కడతాయి. ఆ దిమ్మ మీద పుట్టకొక్కు బూజు పెరుగుతుంది, దాని తెల్ల గుండ్లను చెదలు తింటాయి. నేల బాగా నానాక ఆ దిమ్మ నుంచే కాడ మట్టిని చీల్చుకుని పైకొస్తుంది. అందుకే ఏటా అదే చోట కనిపిస్తుంది. పుట్ట లోపల దాదాపు 30 డిగ్రీల వేడి, నిండా తేమ. షెడ్డులో అవి రెండూ ఇచ్చినా కలుపు తీయడానికి చెదలు ఉండవు. చెదలు వదిలేసిన దిమ్మను జైలేరియా అనే వేరే బూజు ఆక్రమిస్తుంది, మీ గడ్డి మీద ఇంకేదో ఆక్రమించింది. బజారుకు వచ్చే పుట్టకొక్కులు అడవుల్లో, తోటల్లో ఏరినవే.

గోదారి గట్టు:
మరి ఉరుముల సంగతో?

అగ్రి కుర్రాడు:
ఉరుముతో పాటు వాన వస్తుంది కదండీ. పని చేసేది వాన.

గోదారి గట్టు:
మా తాతగారు చెప్పింది మీ పుస్తకాల్లో ఉండదులెండి.

మెట్టతోట:
చెదలంటే గుర్తొచ్చింది. వేసవిలో చెట్లకు చెద పడుతోందని తోటంతా క్లోర్‌పైరిఫాస్ పోయించాం. పుట్టలు జేసీబీతో చదును చేయించాం. అది ఎప్పుడో అయిపోయిందిగా, వానకి కొట్టుకుపోయి ఉంటుంది.

ఒక్కమాట:
అదీ సంగతి.

నాగులచవితి:
పుట్టలు జేసీబీతో తవ్వించారా! పాలు పోసి మొక్కే పుట్టలండీ అవి.

మెట్టతోట:
చవితికి పోసే పుట్ట వేరే, గుడి దగ్గరుంది. దాన్ని ముట్టుకోలేదు.

అగ్రి కుర్రాడు:
ఇక షెడ్డు మానేయండి. గట్టు మీదో, కంచె వెంటో పుట్ట ఏదైనా మిగిలి ఉంటే వదిలేయండి. వానలకు ఎగిరే ఉసిళ్ళలో, అంటే రెక్కల చెదల్లో, ఒక జంట నేలలో దిగితే కొత్త గూడు మొదలవుతుంది, కానీ అది కొక్కులిచ్చేంత పెరగడానికి ఏళ్ళు పడుతుంది. ఇంకోటి, చాలా రకాల్లో కొత్త గూటి చెదలు ఈ బూజు విత్తును బయట నుంచే తెచ్చుకుంటాయి. కాబట్టి పక్క తోటవాళ్ళు కొన్ని కొక్కులు ఏరకుండా విచ్చుకోనిస్తే మీకూ లాభమే. మందు పోసిన చోట ఈ ఏడాది ఒకటీ అరా వచ్చినా తినకండి.

మెట్టతోట:
వాళ్ళు ఏరకుండా ఉంటారా! పుట్ట ఒకటి కంచె పక్కన ఉన్నట్టుంది, చూస్తా. థాంక్స్.

రాగిముద్ద:
ఉసిళ్ళు వేయించుకుని తింటే ఉంటుందీ...

కొత్తపల్లె:
షెడ్డు, గడ్డి ఉన్నాయంటున్నారుగా, ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వేసుకోవచ్చు కదా? విత్తనం ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?