ఆ క్షమాపణ వాక్యంలో ‘ని’ ఎవరికి అన్వయం?

కృష్ణాతీరం: 1915లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో జరిగిన ఆర్మీనియన్ల ఊచకోత గురించి టర్కీ మేధావులు 2008 డిసెంబరులో ఇంటర్నెట్‌లో పెట్టిన క్షమాపణ గుర్తుందా? దాదాపు 30,000 మంది సంతకాలు చేశారు. తెలుగులో ఎక్కడో చదివాను, చివరి ముక్క రెండు రోజులుగా వదలట్లేదు: “నా వంతుగా ఆర్మీనియన్ సోదరుల బాధను పంచుకుంటూ, వారిని క్షమించమని వేడుకుంటున్నాను.” మొదట్లో ఉన్నది ‘మహా విపత్తు’నా, ‘మహా నేరం’నా?

పదశోధిని: టర్కిష్‌లో ‘బ్యుయుక్ ఫెలాకెట్’. విపత్తే. ఆర్మీనియన్ల ‘మెద్స్ యెఘెర్న్’ను అలా తెచ్చుకున్నారు. యెఘెర్న్‌ అంటే నేరమని వాదించేవాళ్ళు మాత్రం ఒప్పుకోరు. తుఫాను కూడా విపత్తే కదా, నేరానికైతే చేసినవాడు ఉండాలి. సరే, ఆ ‘వారిని’ ఏమిటి? ఎవరిని క్షమించాలి, ఆర్మీనియన్లనా? ‘వారికి క్షమాపణ చెబుతున్నాను’ అంటే పోయేది.

వరంగల్ వాసి: ‘వారిని వేడుకుంటున్నాను’ అని అన్వయం, కాస్త దూరమైందంతే. ‘చెబుతున్నాను’ మాత్రం వద్దండీ. మూలంలో ‘ఒజుర్ దిలియోరుమ్’, దిలెమెక్ అంటే కోరడం. చెప్పేస్తే మన పని అయిపోతుంది. కోరితే అవతలివాళ్ళ జవాబు కోసం నిలబడాలి.

గోదారిగట్టు: నాకు ‘సోదరులు’ దగ్గరే అభ్యంతరం. మూలంలోని టర్కిష్ మాట ‘కార్దేష్’లో ఆడా మగా తేడా లేదు. తోబుట్టువులు అనాలి. 2007 జనవరిలో టర్కీలోని ఆర్మీనియన్ పాత్రికేయుడు హ్రాంట్ డింక్‌ను ఇస్తాంబుల్‌లో తన పత్రిక ఆఫీసు ముందే కాల్చి చంపాక, అంత్యక్రియల్లో జనం “మేమంతా ఆర్మీనియన్లమే” అంటూ నడిచారు. ఈ వాక్యం ఆ నడకలోంచి వచ్చిందని నా నమ్మకం. సంబంధాలు కలుపుకోవడానికి టర్కీ, ఆర్మీనియా ప్రభుత్వాలు 2009లో జ్యూరిక్‌లో చేసిన సంతకాలు ఆమోదానికే నోచుకోలేదు. 2018లో ఆర్మీనియా రద్దు చేసుకుంది.

కృష్ణాతీరం: మరి జెనోసైడ్‌కు టర్కిష్‌లో వాడే ‘సొయ్‌కిరిమ్’కు మారణహోమం సరిపోతుందా?

పదశోధిని: దయచేసి వద్దు. హోమం అనగానే హత్య యాగమైపోతుంది. సొయ్ అంటే వంశం, కిరిమ్ అంటే ఊచకోత. జాతిహననమే నయం.

గోదారిగట్టు: ఈ మాట వస్తే నాకు ఆర్మీనియన్ కవి దానియెల్ వరుజాన్ గుర్తొస్తాడు. 1915 ఏప్రిల్ 24న పట్టుకెళ్ళారు, ఆగస్టులో చంపారు. 31 ఏళ్ళు. అప్పటికి రాస్తున్నది దుక్కి, విత్తనం, రొట్టె మీద కవితలు. ఆ రాతప్రతి ఎలాగో బయటపడి 1921లో అచ్చయింది. అన్నట్టు, ఆర్మీనియన్‌లో ధాన్యం నూర్చే చోటును ‘కల్’ అంటారు. మన ‘కళ్ళం’!

వరంగల్ వాసి: ధ్వని కలిసింది కదా అని చుట్టరికం కలిపేస్తే ఎలా? తమిళంలో ‘కళం’ ఉంది, మనది అటు మాట.

గోదారిగట్టు: చుట్టరికం లేకపోయినా, ఆయన్ను తెలుగు చేసేటప్పుడు ‘కళ్ళం’ అనే రాస్తాను.

పదశోధిని: రాయండి. ‘వారిని’ దగ్గర మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు.