వీగన్‌గా మారిన కారణాన్ని బట్టే ఎన్నాళ్లు నిలబడతామనేది ఉంటుందా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

బైరాగిపట్టెడ కుర్రోడు
పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, తేనె అన్నీ మానేశాను. కొలెస్ట్రాల్ ఎక్కువుందని మొదలుపెట్టింది. ఇప్పుడు రిపోర్ట్ నార్మల్ వచ్చింది. అప్పటి నుంచి అమ్మ "ఇంక తినొచ్చు కదరా" అంటా ఉంది, నాకు జవాబు తోచడం లేదు. నాతో పాటే మానేసిన ఫ్రెండ్ ఆవుల కోసం మానేశాడు. వాణ్ని ఎవరేమన్నా చలించడు. ఆరోగ్యం కోసం, జీవహింస వద్దని, పర్యావరణం కోసం... వీళ్లలో ఎవరు ఎక్కువ కాలం ఉంటున్నారు? పాలు, గుడ్డు మానేస్తే తగ్గిపోయే విటమిన్ బి12కి ఏం చేస్తున్నారు? బయట ఏం తింటున్నారు?

అలిపిరి మెట్లు
మా నాయన మటన్ లేకుండా ఆదివారం గడవనివ్వడు. అదే మనిషి వెంకన్న స్వామి నెల అని పెరటాసి నెలంతా నీసు వాసన కూడా తగలనివ్వడు. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులూ అంతే. అంత నిష్ఠ ఉన్న మనిషే నెల దాటిన మర్నాడు కోడి అంగడి ముందు నిలబడి ఉంటాడు. ఎందుకంటే మొక్కుకు ముగింపు తేదీ ఉంటుంది. నీ కొలెస్ట్రాల్ కూడా అలాంటిదే తమ్ముడూ, రిపోర్ట్ వచ్చిన రోజుతో నీ గడువు తీరిపోయింది. కొనసాగాలంటే ఇంకో కారణం వెతుక్కో.

పలమనేరు పాడి
"ఆవుల కోసం మానేశాడు" అన్న మాట చదివితే ఒళ్లు మండింది. బోర్లు ఎండి మడి బీడుపడిన ఏళ్లలో మా ఇంటిని నిలబెట్టింది పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లు. నా కాలేజీ ఫీజు కట్టింది ఆ ఆవులే. తెల్లారకముందే మా అమ్మ క్యాన్ మోసుకుపోయి సెంటర్‌లో వెన్న శాతం ఎంత చూపిస్తుందా అని మిషన్ వైపే చూస్తా నిలబడేది. ఆవును ప్రేమించడం మాకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

ఆకుకూర
అక్కా, మీ అమ్మగారి కష్టాన్ని నేను కాదనడం లేదు. ఒక్కటి చెప్పండి, కోడెదూడలు ఏమవుతున్నాయి? జెర్సీ క్రాస్ కోడెకు మూపురం ఉండదు, కాడి నిలవదు, ఎండకు ఆగదు. దాన్ని ఎవరు మేపుతారు? మా ఊరి సంతలో టెంపోలోకి ఎక్కిస్తుంటే చూశాను. కాళ్లు కట్టేసి ఒకదాని మీద ఒకటి పడేశారు, ఒక దూడ మూతికి పాల నురగ ఇంకా ఆరలేదు. ఆ తర్వాత పెరుగు ముట్టలేదు. నాకు ఏ రిపోర్టుతోనూ పని లేదు.

పలమనేరు పాడి
సంతకు తోలేవాళ్లు ఉన్నారు, లేరని నేను అనను. కానీ ఇప్పుడు ఆడదూడలే పుట్టే ఇంజెక్షన్ వచ్చింది. పదిలో తొమ్మిది వరకు పెయ్యలే పుడతాయి, సబ్సిడీ కూడా ఉంది. మా ఇంట్లో అదే వేయిస్తున్నాం. మార్పు మేం తెస్తున్నాం, మీరు కాదు. మీరు కొనే బాదం పాల ప్యాకెట్ డబ్బులు ఈ జిల్లాలో ఏ రైతుకు వస్తున్నాయో చెప్పండి.

ఆకుకూర
నేను బాదం పాలు కొనను. చెనిక్కాయ (వేరుశనగ) పాలు చేసుకుంటాను, మన పీలేరు వైపు రైతు దగ్గర తెచ్చిన చెనిక్కాయలతో. పెయ్యలే పుట్టించారు సరే, అవి వట్టిపోయాక ఏ సంతకు పోతాయి?

పలమనేరు పాడి
మా కొట్టంలో ముసలి ఆవు ఉంది, చూడాలంటే రండి. ఫోన్‌లో కూర్చుని అందరినీ కటికవాళ్లను చేయొద్దు.

పుంగనూరు గిత్త
ఇద్దరూ జెర్సీ దగ్గరే ఆగిపోయారు. మన పుంగనూరు పొట్టి ఆవును పక్కనపెట్టి లీటర్ల కోసం పరుగెత్తినప్పుడే ఈ గొడవంతా మొదలైంది. తక్కువ మేత, చిక్కటి పాలు, మగదూడ కూడా మన ఎండకు తట్టుకుంటుంది. జాతి అంతరించే దశకు వచ్చాక ఇప్పుడు లక్షలు పెట్టి వాకిట్లో ముద్దుకు పెంచుకుంటున్నారు. బాధగా ఉంటుంది.

డైట్ క్లినిక్, తిరుపతి
తమ్ముడు అడిగింది ఆవుల గురించి కాదు. నేను ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నాను కాబట్టి నా మాట వినండి. 2014లో అమెరికాలో ఫానలిటిక్స్ అనే సంస్థ 11,000 మందికి పైగా పెద్దవాళ్లను సర్వే చేసింది. శాకాహారులుగానో వీగన్‌లుగానో మారినవాళ్లలో 84 శాతం మళ్లీ మాంసానికి వచ్చేశారు. వాళ్లలో దాదాపు మూడో వంతు మంది మూడు నెలలు కూడా దాటలేదు. నిలబడినవాళ్లు ఒక్కటి కాకుండా అనేక కారణాలు చెప్పారు, ఆరోగ్యం, జంతువులు, పర్యావరణం ఇలా. 2013లో ఎపటైట్ పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనంలో నైతిక కారణంతో మారిన శాకాహారులకు పట్టుదలా ఎక్కువే, ఆ తిండిలో ఉన్న కాలమూ ఎక్కువే. కాకపోతే ఇవన్నీ జనం తమ గురించి తాము చెప్పుకున్నవి, అక్కడి జనం. మన ఇళ్లల్లో పరిస్థితి వేరు.

చద్దన్నం
బి12 కోసం ఇంత టెన్షన్ దేనికి? రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున తినండి, కావలసినంత బి12. మా అవ్వ తొంభై ఏళ్లు దాటి బతికింది.

డైట్ క్లినిక్, తిరుపతి
వాట్సాప్‌లో తిరిగే ఈ మాట దయచేసి ఇక్కడ పెట్టకండి. మీ అవ్వ ఆ చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉంటుంది, బి12 అక్కడి నుంచి వచ్చింది. ఉత్త చద్దన్నం మీద, స్పిరులినా అనే నాచు పొడి మీద ఆధారపడటానికి లేదు. లివర్‌లో నిల్వ కొన్నేళ్లు సరిపోతుంది కాబట్టి మొదట్లో ఏమీ తెలియదు. తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు. మీ ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ వల్ల రక్తహీనత బయటపడకపోవచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములే, కానీ టాబ్లెట్ ద్వారానో, బి12 కలిపిన ఆహారం ద్వారానో తీసుకోవాలి. కారణం ఎంత గొప్పదైనా నీరసం వచ్చినవాడు మానేస్తాడు, నేను చూసింది ఇదే.

చద్దన్నం
మా అవ్వ మజ్జిగ పోసుకుందో లేదో మీకెలా తెలుసు? డిగ్రీ ఉంటే పెద్దవాళ్ల తిండినంతా తీసిపారేయాలా?

చిత్తూరు కోడలు
మీ గొడవ మధ్యలో నాది కూడా వినండి. బెంగుళూరులో ఉన్నప్పుడు పర్యావరణం కోసం మానేశాను. పశువుల నుంచి వచ్చి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు లెక్కలు చదివి, ఆలోచించి మానేశాను. పెళ్లయ్యాక ఉమ్మడి కుటుంబంలోకి వచ్చాను. ఇక్కడ పప్పులో నెయ్యి, చారు తాలింపులో నెయ్యి. జాతర వస్తే మూడు రోజులు వంటింట్లోనే ఉండాలి. మా అత్తమ్మ మంచి మనిషే, నా కోసం పితికిపప్పు నూనెతో విడిగా తీసి పెడుతుంది. కానీ రోజూ అడిగి చేయించుకోవడం నా వల్ల కాలేదు. ఇప్పుడు పాలు, పెరుగు వేసుకోను, నెయ్యి మాత్రం తప్పించుకోలేకపోతున్నాను. నా కారణం బలహీనం అనొద్దు. వంట నా చేతిలో లేదు, అంతే. ఆ సర్వేల్లో ఈ ప్రశ్న అడిగారా?

అలిపిరి మెట్లు
చెల్లెమ్మా, నువ్వు చెప్పిందే అసలు సంగతి. మరి లడ్డూ ప్రసాదం తింటావా?

చిత్తూరు కోడలు
తింటాను అన్నా. కళ్లకద్దుకుని తింటాను. అందులో ఆవు నెయ్యి ఉందని తెలుసు.

ఆకుకూర
అయితే వీగన్ అని చెప్పుకోకూడదు కదా.

అలిపిరి మెట్లు
ప్రసాదం జోలికి రావొద్దు. ఆ అమ్మాయి ఎంత కష్టపడి నిలబెట్టుకుంటోందో చూడకుండా పేరు పీకేస్తావా? ఇలాంటి మాటలకే సగం మంది వదిలేసి పోతారు.

ఆకుకూర
దూడకు ప్రసాదం అని తెలియదన్నా. నేను మాట మార్చను.

కరకంబాడి రోడ్డు
బయట తిండి గురించి ఒక్కరూ చెప్పలేదు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి మోసపోవద్దు, పాలపొడి ఉన్న బిస్కెట్‌కు కూడా ఆ చుక్కే ఉంటుంది. 2022లో వీగన్ నియమాలు వచ్చాయి, ఆకుపచ్చ 'వి' అక్షరం మీద చిన్న ఆకు ఉన్న గుర్తు చూడండి. హోటల్లో అయితే సంగటి, ఊరిబిండి పచ్చడి చెప్పి, సంగటి మీద నెయ్యి వద్దని ముందే చెప్పాలి. గుంట చేసి పోసి తెచ్చాక చెబితే లాభం లేదు.

బైరాగిపట్టెడ కుర్రోడు
అందరికీ థాంక్స్. టాబ్లెట్ రేపే మొదలుపెడతా. ఆకుకూర అన్నా, ఆ చెనిక్కాయ పాలతో పెరుగు ఎలా తోడేస్తావు? తోడు కోసం మళ్లీ ఆవు పెరుగే వేయాలా?

ఆకుకూర
అక్కర్లేదు తమ్ముడూ. చెనిక్కాయలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, పల్చటి గుడ్డలో పిండు. పాలు కాచి గోరువెచ్చగా అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి కదిలించకుండా పెట్టు. మొదటిసారి పల్చగా వస్తుంది. అందులో ఒక చెంచా తీసి రెండోసారికి తోడేస్తే గట్టిగా వస్తుంది.

పలమనేరు పాడి
పిండగా మిగిలిన పిప్పి పారేయొద్దు. పక్కింట్లో ఆవు ఉంటే కుడితిలో కలపమని ఇవ్వు.