తిరుపతి ఎండల్లో బాల్ పైథాన్లకి రాక్ మంచిదా, గ్లాసు ట్యాంకా?

మేడమీద_గది (తిరుపతి)

నమస్తే అన్నలూ. నా దగ్గర బాల్ పైథాన్లు (ఆఫ్రికా కొండచిలువలు) రెండున్నాయి. ఆడది 1,400 గ్రాములు, పిల్ల 350 గ్రాములు. రెండూ కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్‌లో రిజిస్టరయ్యాయి. ఒక బియర్డెడ్ డ్రాగన్ (ఆస్ట్రేలియా తొండ) కూడా ఉంది. గది మేడమీద, పైన శ్లాబు, పడమటి గోడకి నేరుగా ఎండ. ఏప్రిల్‌లోనే మధ్యాహ్నం మూడింటికి 36 డిగ్రీలు చూపిస్తోంది. ఇప్పుడు మెష్ మూత ఉన్న మూడడుగుల గ్లాసు ట్యాంకుల్లో ఉన్నాయి, తేమ 35 శాతం దాటడం లేదు. కార్పెంటరు పార్టికల్ బోర్డుతో ఐదు అరల రాక్ (అరకో ప్లాస్టిక్ టబ్బు సొరుగులా జరిగే అలమార) చేసిస్తానంటున్నాడు. చేయించొచ్చా? కింది అరలో డ్రాగన్‌ని పెట్టొచ్చా? టబ్బుల అడుగున వేడిచేసే హీట్ టేపు అమెరికా నుంచి తెప్పిస్తే సరిపోతుందా?

చెరువుకట్ట

తమ్ముడూ, బోర్డు సంగతి తర్వాత, ముందు గది చూడు. నెట్‌లో దొరికే సలహాలన్నీ చలిదేశాల వాళ్లు రాసుకున్నవి, వాళ్ల బాధ వేడి నిలబెట్టడం. మన బాధ వేడి దించడం. బాల్ పైథాన్‌కి వెచ్చని చోటు 31-33, చల్లని చోటు 25-27 ఉండాలి. గదే 36 ఉంటే రాక్‌లో చల్లని చోటు అన్నమాటే ఉండదు, హీటర్ ఆపినా లాభం లేదు. ఆ వేడిలో గంటలకొద్దీ ఉంటే పాము ప్రాణానికే ముప్పు.

కింది అంతస్తులో తూర్పు గోడ పక్కకి మార్చగలిగితే సగం సమస్య తీరుతుంది. కుదరకపోతే శ్లాబు మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేయించి, పడమటి కిటికీకి బయటివైపు తడక కట్టు. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. శ్లాబు పగలు మింగిన వేడిని రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటుంది కాబట్టి రాక్ పై అర ఖాళీగా వదిలెయ్. థర్మామీటరు గోడకి కాదు, పాము ఉండే ఎత్తులో పెట్టు.

మార్చి నుంచి మే దాకా గాలి పొడిగా ఉంటుంది, ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుంది, తేమా పెరుగుతుంది. అదే కూలర్‌ని అక్టోబరు వానల్లో వాడితే టబ్బు గోడలకి నీళ్లు పట్టి, పాము పొట్టకింద పొలుసులు కుళ్లుతాయి.

పాము రోజంతా నీళ్ల గిన్నెలో పడుకుంటే కారణం వేడైనా కావొచ్చు, మైట్లైనా (రక్తం పీల్చే చిన్న పురుగులు) కావొచ్చు. గిన్నె అడుగున మిరియం పొడిలా నల్లటి చుక్కలు తేలితే మైట్లే.

సొరుగు_సందు

పార్టికల్ బోర్డు వద్దే వద్దు. నీళ్ల గిన్నె ఒక్కసారి ఒలికితే చాలు, అంచు బిస్కెట్టులా ఉబ్బుతుంది, స్క్రూలు వదులవుతాయి, సొరుగు ఒకవైపు బిగుసుకుని రెండోవైపు సందు తెరుచుకుంటుంది. 18 ఎంఎం పీవీసీ ఫోమ్ బోర్డు, లేదంటే 710 గ్రేడు మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. ఫోమ్ బోర్డు అంచులో స్క్రూ పట్టు తక్కువ, మూలమూలకీ అల్యూమినియం ఎల్ యాంగిల్ బిగించాలి. సిలికాన్ పూస్తే వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే కనీసం వారం, పాముని పెట్టకండి. ఫంగస్ మందు కలిపిన బాత్రూమ్ సిలికాన్ అసలు వద్దు.

కార్పెంటరుకి కొలతలు చెప్పకండి, టబ్బునే తీసుకెళ్లి ముందు పెట్టండి. ఒకే మోడల్ టబ్బులు, రెండు అదనంగా, ఒకేసారి కొనండి. తర్వాత అదే పేరుతో కొన్నా అచ్చు మారి అంచు ఎత్తు తేడా వస్తుంది. టబ్బు అంచుకీ పై అరకీ మధ్య 2 ఎంఎం ఉంటే బాగు, 3 దాటితే వద్దు. ప్లాస్టిక్ గోడ నడుమ భాగం లోపలికి వంగుతుంది, పాము ముక్కుతో తోసేది అక్కడే. ముందువైపు అడ్డ కమ్మీ ఒకటి తప్పనిసరి.

పిల్లకి 45×30 సెం.మీ. టబ్బు ప్రస్తుతానికి చాలు, పొడవు వెడల్పు కలిపినా పాము పొడవుకి తగ్గే రోజు రాగానే మార్చాలి. పెద్దదానికి మాత్రం రాక్ కాకుండా 4×2 అడుగుల మూత పెట్టె, ముందు జరిపే అద్దాలతో, చేయించమంటాను. రాక్ ఎక్కువ పాములు పెంచేవాళ్ల సౌకర్యం కోసం పుట్టింది. ఒక్క పాముకి అది ఆదా చేసేది చోటు తప్ప ఇంకేమీ కాదు. జరిపే అద్దాలు రెండూ ఒకదానిమీదొకటి వచ్చే చోట సందు ఉంటుంది, బ్రష్ పట్టీ అంటించి షోకేస్ తాళం వేయాలి.

గాలి రంధ్రాలు సోల్డరింగ్ ఐరన్‌తో, టబ్బు లోపలి నుంచి బయటికి గుచ్చండి. కరిగిన ప్లాస్టిక్ గరుకు బయటికి పోతుంది. బయటి నుంచి గుచ్చితే ఆ గరుకు పాముకి గీరుకుంటుంది. పెద్ద టబ్బుకి పక్కకి ఎనిమిది, పది చొప్పున, 5 ఎంఎం. ఎండాకాలం సగం మూసి, వానల్లో అన్నీ తెరవండి. మూసే టేపు బయటివైపే అంటించాలి. జిగురు లోపల పాముకి తగిలితే పొలుసులు ఊడొస్తాయి.

డ్రాగన్‌ని రాక్‌లో పెట్టే ఆలోచనే మానుకోండి. దానికి 4×2×2 అడుగుల పెట్టె, 40-42 డిగ్రీల ఎండరాయి, పొడుగు యూవీబీ (అతినీలలోహిత కిరణాల) ట్యూబు కావాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది.

మేడమీద_గది (తిరుపతి)

కింది గదికి మారుస్తాను. ఇంకో సందేహం. ఎస్‌టీసీ-1000 కంట్రోలరులో (వేడిని అదుపు చేసేది) వేడికీ చల్లదనానికీ రెండు అవుట్‌పుట్లు ఉన్నాయి కదా, ఒకదానికి హీట్ టేపు, రెండోదానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కలిపేస్తే?

రిలే_టిక్కు

కుదరదు. ప్రోబు (వేడి కొలిచే తీగ) ఒక్కటే. దాన్ని టేపు మీద పెట్టి 33కి సెట్ చేస్తే టేపు ఆగాక కూడా ఇంకో డిగ్రీ రెండు డిగ్రీలు ఎక్కుతుంది, వెంటనే ఫ్యాన్ లేస్తుంది. గది చల్లగా ఉన్నా తిరుగుతుంది. గదికి వేరే కంట్రోలరు పెట్టి దాని ప్రోబు గాల్లో వేలాడదీయండి.

టేపు ప్రోబుని టబ్బులో కాదు, టేపుకీ టబ్బు అడుగుకీ మధ్య అల్యూమినియం టేపుతో అంటించండి. లోపల పెడితే పాము పక్కకి తోసేస్తుంది, లేదా దానిమీద ఉచ్చ పోస్తుంది. ప్రోబు ఊడితే కంట్రోలరు గది గాలినే చదివి టేపుని ఆపకుండా కాలుస్తుంది. రిలే (కంట్రోలరు లోపలి స్విచ్చు) అతుక్కుపోయినా అంతే. అందుకే రెండో థర్మోస్టాట్‌ని వరసలో కలిపి 36 దగ్గర కట్ అయ్యేలా పెట్టాలి. దీని ప్రోబు కూడా టేపు మీదే, విడిగా అంటించండి. వాడే ముందు ప్రోబుల్ని ఐసు ముక్కలు, నీళ్లు కలిపిన గ్లాసులో ముంచండి, సున్నా చూపించకపోతే కంట్రోలరు ఎఫ్4 సెట్టింగులో సరిచేయండి.

టేపు రాక్ వెనక మూడోవంతు మాత్రమే. దానిపైన టబ్బులో పరిచే కొబ్బరి పీచుపొడి వేలిమందం కూడా వద్దు. మందంగా పోస్తే పైన చల్లగా అనిపించి పాము తవ్వుకుంటూ కిందికి పోతుంది, పొట్ట కాలుతుంది. సెట్ చేసిన అంకెని నమ్మకండి, టబ్బు లోపలి అడుగుని ఐఆర్ గన్‌తో (తాకకుండా వేడి కొలిచే పరికరం) కొలిచి 32 వచ్చేదాకా సవరించండి.

అమెరికా టేపు 110 వోల్టులది. మన 230కి నేరుగా పెడితే వాట్లు నాలుగు రెట్లు దాటుతాయి, బోర్డు అంటుకుంటుంది. 230 అని ముద్ర ఉన్నదే కొనండి.

చిత్తూరు_మామిడితోపు

రెండు చిన్న మాటలు. ఎర్రచీమలు రాక్ ఎక్కకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టు. చీమల మందు, నాఫ్తలీన్ గోళీలు, దోమల లిక్విడ్, సాంబ్రాణి పొగ, ఏవీ ఆ గదిలో వద్దు.

రాక్‌లో ఖాళీ అరలు మిగిలాయి కదా అని ఎవరో పట్టుకొచ్చే జెర్రిపోతునో, మన కొండచిలువనో, నక్షత్ర తాబేలునో తీసుకోవద్దు. శేషాచలం బంగారు బల్లి సరేసరి. ఇవన్నీ 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షితాలు, ఇంట్లో ఉంటేనే కేసు. బాల్ పైథాన్ విదేశీది, సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది కాబట్టి 2024 నిబంధనల ప్రకారం పరివేష్‌లో నమోదు. చేతులు మారినా, చనిపోయినా అక్కడ తెలపాలి. ఆ రిజిస్ట్రేషన్ కాగితం జిరాక్సు తీసి రాక్ పక్కకే అంటించు.