ఇంట్లో చేసిన గిటారుకు లక్క పాలిషా, పీయూ పాలిషా?

నల్లగొండ_తంత్రి:
గిటారు ఒళ్లు, మెడ పూర్తయ్యాయి. ముందు పలక స్ప్రూస్ కలప, మందం రెండున్నర మిల్లీమీటర్లు. పక్కలు, వెనక పలక పాత తలుపు టేకు. పాలిష్ ఒక్కటే మిగిలింది. తలుపుల మేస్త్రీ పీయూ (పాలీయురెథేన్ అనే గట్టి పూత) స్ప్రే చేయించమంటున్నారు, గిటార్లు చేసేవారు లక్క మేలంటున్నారు. ఎవరి మాట వినాలి?

పాలమూరు_ఉలి:
పీయూ వేయించండి. లక్క చెమటకు మెత్తబడుతుంది, స్పిరిట్ చుక్క పడితే కరుగుతుంది. మన ఎండలకు పలక చీలకుండా ఆపేది కూడా గట్టి పూతే.

అచ్చంపేట_చిత్రిక:
చెమట సంగతి నిజమే. చీలిక సంగతి మాత్రం కాదు. గిటారు లోపలివైపు మామూలుగా ఎవరూ పాలిష్ వేయరు, తేమ అటునుంచి వచ్చిపోతూనే ఉంటుంది. అసలు కీడు పలక లోపలివైపు బలానికి కర్ర పట్టీలు అతికించే రోజే మొదలవుతుంది. ముసురులో తేమ పీల్చిన పలకకు పట్టీలు అతికిస్తే, ఎండాకాలంలో పలక కుంచించుకుంటుంది, అడ్డంగా ఉన్న పట్టీ కదలనివ్వదు, పలక నిలువునా విచ్చుకుంటుంది. ఏ పూతా దాన్ని ఆపలేదు.

ఇక నాదం. స్పెయిన్ గిటార్ల మేస్త్రీ ఆంటోనియో డి టోరెస్ 1862లో వెనక, పక్కలు అట్టతో గిటారు చేసి, పలికించేది ప్రధానంగా ముందు పలకేనని చూపించారు. మన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెరకు ఉన్నవి ఎండిన సొరబుర్రలు. ఎంత తేలికో పట్టుకుంటే తెలుస్తుంది. అంత పలచగా చిత్రిక పట్టిన పలక మీద తలుపుకు వేసినంత పూత దట్టించమనడం నాకు బాధగా ఉంది.

లక్క రేకులను స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి వడకట్టండి. నెలల తరబడి నిల్వ ఉన్న ద్రావణం సరిగా గట్టిపడదు, కాబట్టి ముందు గాజు ముక్క మీద చుక్క వేసి చూడండి. దూదిని పాత నూలుగుడ్డలో ముద్దగా కట్టి, ఆ ద్రావణంలో తడిపి, అంటుకోకుండా అడుగున ఒక్క చుక్క నూనె రాసి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. చెయ్యి ఆగితే అక్కడే గుడ్డ అతుక్కుని మచ్చ పడుతుంది. వానరోజు వేయకండి, తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది.

పాలమూరు_ఉలి:
పలక వరకు సరే. మెడ మాటేమిటి? వాయించినంతసేపూ అరచెయ్యి జారే చోటది, లక్క జిగటగా తయారవుతుంది. చెడితే మళ్లీ రుద్దుకోవచ్చని అంటారు. ఏటా రుద్దుకునే ఓపిక ఎందరికి ఉంటుంది?

నల్లగొండ_తంత్రి:
అయితే పలకకు లక్క; మెడకు, టేకుకు పీయూ. కుదురుతుందా?

అచ్చంపేట_చిత్రిక:
కుదురుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, పీయూ నేరుగా సరిగా పట్టదు. మైనం తీసిన లక్క ఒక పలుచని పూత వేసి, ఆరాక దాని మీద పీయూ కొట్టించండి. మైనం ఉన్న లక్క మీద పీయూ ఊడివస్తుంది, కొనేటప్పుడే అడగండి. రెండు డబ్బాలు కలిపే పీయూ అయితే గట్టిపరిచే మందులోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు హాని. ఇంట్లో, పిల్లలున్న చోట స్ప్రే చేయనివ్వకండి.